మెట్లు కట్టేముందు పిట్టగోడ లెక్క



ఎండాకాలము దగ్గరపడుతున్నదంటే పల్లెల్లో చాలా ఇళ్ళలో ఒకే మాట వినబడుతుంది. "మేడ వేయడానికి మన దగ్గర డబ్బు లేదు గానీ, ఉన్న స్లాబు మీదికి మెట్లైనా కట్టుకుంటే బాగుండును. రాత్రులు పైన పడుకోవచ్చు, మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు, నలుగురు వస్తే ప్రార్థన పైన పెట్టుకోవచ్చు." ఇది మంచి ఆలోచనే. కింద జాగా పెరగదు, పొలము కొనలేము. తలమీద ఉన్న అయిదు వందల చదరపు అడుగుల చోటు మాత్రము ఊరికే ఎండకు ఎండుతున్నది. దానిని వాడుకోవాలని అనుకోవడములో తప్పేమీ లేదు.

అయితే మెట్లు కట్టాలనుకున్న ప్రతి కుటుంబమూ మొదట గ్రహించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఎక్కడానికి దారి లేనంత కాలము అది కప్పు. దారి ఏర్పడిన రోజునుండి అది నేల. కప్పు మీద ఎండ, వాన, అప్పుడప్పుడు ఒక మేస్త్రి మాత్రమే ఉంటారు. నేల మీద పసిపిల్లలు, ముసలివారు, బంధువులు, బస్తాలు, మంచాలు అన్నీ ఉంటాయి. ఇంటికి ఎనిమిది అడుగుల పొడవున మెట్లు కలిపితే మనము కలిపినది మెట్లు మాత్రమే కాదు, ఒక కొత్త బాధ్యతను కూడా నెత్తిన పెట్టుకున్నాము. ఈ నెల ఆ బాధ్యతను గురించి వివరముగా మాట్లాడుకుందాము.

పాతకాలపు మిద్దెలు

పరిశుద్ధ గ్రంథము చదివేవారికి మిద్దె కొత్త కాదు. పాలస్తీనా దేశపు ఇళ్ళకు కప్పు చదునుగా ఉండేది. గోడల మీద దూలాలు పరచి, వాటి మీద రెల్లు, కొమ్మలు వేసి, పైన మట్టి దట్టముగా పరచి గట్టిపరచేవారు. బయటినుండి మెట్లు ఉండేవి. మన రాయలసీమలో చౌడుమట్టితో కప్పిన మట్టి మిద్దెలు చూసినవారికి ఆ ఇల్లు ఎలాగుంటుందో వేరే చెప్పనక్కరలేదు. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీద ఎండబెట్టిన జనుపకట్టెలోనే (యెహోషువ 2:6). పేతురు యొప్పేలో ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే (అపొ. కార్యములు 10:9). షూనేమీయురాలు ఎలీషా కోసము తన ఇంటిమీద ఒక చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఏర్పాటు చేయాలని భర్తతో సంప్రదించినది (2 రాజులు 4:10). ఉన్న ఇంటికి పైన ఏదో ఒకటి కలుపుకొన్న కుటుంబము గ్రంథములోనే మనకు కనబడుతున్నది.

ఇంత వాడుక ఉన్న దేశములో ధర్మశాస్త్రము ఇల్లు కట్టేవానికి ఒక ఆజ్ఞ ఇచ్చింది. అది ద్వితీయోపదేశకాండము 22:8 లో ఉన్నది. దాని భావము ఇది: కొత్త ఇల్లు కట్టినప్పుడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, లేకపోతే దానిమీదినుండి ఎవరైనా పడితే ఆ ప్రాణముయొక్క దోషము ఇంటివాని మీద ఉంటుంది. ఈ మాట ఎంత సూటిగా ఉన్నదో చూడండి. పడినవాడు చూసుకొని నడవలేదని గానీ, పిల్లవాడు అల్లరివాడని గానీ తప్పించుకొనే సందు అక్కడ లేదు. కట్టినవాడే జవాబుదారి. నేటి ఇంజినీర్ల పుస్తకాలు కూడా వేరే మాటల్లో ఇదే చెబుతున్నాయి. భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము డాబా అంచున ఉండే పిట్టగోడ నేలనుండి ఒక మీటరుకు తక్కువ కాకుండా ఉండాలి. అంటే మూడు అడుగుల మూడు అంగుళాలు. అదే పుస్తకము 1.2 మీటర్లు, అంటే సుమారు నాలుగు అడుగులకు మించనక్కరలేదని కూడా చెబుతున్నది.

ముందు స్లాబును అడగండి

తాపీమేస్త్రిని పిలిచే ముందు మన స్లాబు ఏ పనికి వేసినదో తెలుసుకోవాలి. భారతీయ ప్రమాణాల సంస్థ 1987 లో వెలువరించిన ఐ.ఎస్. 875 రెండవ భాగములో చదును కప్పులను రెండు రకాలుగా విడదీశారు. ఎక్కడానికి దారి లేని కప్పు చదరపు మీటరుకు 75 కిలోల అదనపు బరువు మోస్తే చాలు. దారి ఉన్న కప్పు 150 కిలోలు మోయాలి. మన కొలతల్లో చెప్పాలంటే చదరపు అడుగుకు మొదటిది 7 కిలోలు, రెండవది 14 కిలోలు. అంటే మెట్లు కట్టగానే ఆ స్లాబును రెండింతల బరువు మోయమని అడుగుతున్నామన్నమాట.

మీ స్లాబు వేసేటప్పుడే పైన గది వేయాలని అనుకొని వేసి ఉంటే భయము లేదు. కప్పు ఉంటే చాలునని పల్చగా, ఊచలు దూరదూరముగా పెట్టి వేసినదైతే ఆలోచించాలి. ముఖ్యముగా తక్కువ ఖర్చుతో పూర్తిచేసిన కాలనీ ఇళ్ళ విషయములో జాగ్రత్త అవసరము. స్లాబు ఎన్ని అంగుళాలు, ఊచలు ఎంత లావు, ఎంతెంత దూరములో పెట్టారు అనేది ఆనాడు పనిచేసిన మేస్త్రిని అడగండి. ఆయన లేకపోతే దగ్గరి పట్టణములో ఇంజినీరును ఒకసారి తీసుకొని వచ్చి చూపించండి. ఆయనకిచ్చే ఫీజు మొత్తము పనిలో చాలా చిన్న భాగము. పెళ్ళిచూపులకు పదిమందిని వెంటబెట్టుకొని వెళ్ళే మనము, పదిమంది ప్రాణాలు నిలబడే స్లాబును ఒక్కరికైనా చూపించకపోవడము న్యాయము కాదు.

ఇంజినీరు వచ్చేలోపు మీరే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. పగటిపూట గదిలో నిలబడి పైకి చూడండి. తుప్పు రంగు మరకలు ఉన్నాయా? ఊచ వెంబడి గీతలా పగుళ్ళు ఉన్నాయా? తెల్లటి పొడి గీతలు గీతలుగా కారిందా? పెచ్చులు ఊడి ఊచలు కనబడుతున్నాయా? తుప్పుపట్టిన ఊచ ఉబ్బుతుంది. ఉబ్బిన ఊచ చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొట్టి కిందికి నెడుతుంది. అందుకే పెచ్చులు ఊడిన చోట సిమెంటు పూసి, సున్నము వేసినంతమాత్రాన రోగము నయము కాదు. సముద్రపు దగ్గరి ఊళ్ళలోనూ, ఉప్పునీళ్ళతో కాంక్రీటు కలిపిన ఇళ్ళలోనూ ఇది తొందరగా వస్తుంది.

తరువాత చిన్న సుత్తితో స్లాబు అడుగున అక్కడక్కడ మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్న చోట గణగణమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. ఇంకొక పరీక్ష: గది ఒక గోడనుండి ఎదుటి గోడకు స్లాబు అంచున నూలుతాడు బిగించి కట్టండి. మధ్యలో స్లాబు తాడును దాటి కిందికి వచ్చిందంటే అది ఒంగుతున్నదని అర్థము. వీటిలో ఏ ఒక్కటి కనబడినా పైకి మెట్లు కట్టే మాట ఆపి, ముందు ఇంజినీరును పిలవండి. ఇసుక బస్తాలు పైన పేర్చి స్లాబు ఆగుతుందో లేదో చూద్దామనే సొంత పరీక్షలు ఎన్నడూ చేయకండి. కింద ఉన్నది మీ ఇల్లు.

ఏ బరువు ఎంత?

చదరపు అడుగుకు 14 కిలోలు అన్నప్పుడు అది ఎంతో మనకు ఒక అంచనా ఉండాలి. వడ్లు నాలుగు అంగుళాల మందాన పరిస్తే చదరపు అడుగుకు అయిదారు కిలోలే పడుతుంది. గట్టి స్లాబుకు అది లెక్కలోనిది కాదు. అవే వడ్లు 75 కిలోల బస్తాలకు ఎత్తి మూడు వరుసలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే, ఒక బస్తా ఆరు చదరపు అడుగులు ఆక్రమిస్తుందనుకుంటే, అక్కడ చదరపు అడుగుకు 37 కిలోలు పడుతుంది. రెండున్నర రెట్లు ఎక్కువ. కాబట్టి ఎండబెట్టడము పైన, నిల్వచేయడము కింద అని పెట్టుకోండి.

వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు నిండితే వెయ్యి కిలోలు. నాలుగడుగుల దిమ్మె మీద కూర్చోబెడితే చదరపు అడుగుకు 60 కిలోలకు పైగా. అది గది నడిమధ్య ఉండకూడదు. రెండు గోడలు కలిసే మూల మీద, లేదా స్తంభము మీద ఉండాలి. కుండీలలో కాకుండా మట్టి పోసి అడుగు లోతు మడి చేస్తే, తడిసిన మట్టి చదరపు అడుగుకు 50 కిలోల దాకా తూగుతుంది. కూరగాయల మీద ప్రేమ ఉన్న అక్కచెల్లెళ్ళు పల్చని తొట్లలో, గోడల వెంబడి పెంచుకోవడము మేలు.

మనుష్యుల సంగతి? అయిదు వందల చదరపు అడుగుల డాబా మీద అరవై మంది చాపలు పరచుకొని ప్రార్థనకు కూర్చుంటే చదరపు అడుగుకు ఏడెనిమిది కిలోలే అవుతుంది. అయితే అదే అరవై మంది పెళ్ళి ఊరేగింపు చూడటానికి లేచి ఒక అంచుకు వచ్చి భుజము భుజము రాసుకొని నిలబడితే అక్కడి లెక్క మారిపోతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు చోట నలుగురు పెద్దవాళ్ళు నిలబడితే 240 కిలోలు. ఆ అంచున పిట్టగోడ బలహీనముగా ఉంటే ఏమి జరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

పిట్టగోడ

ఇప్పుడు అసలు పనికి వద్దాము. చాలా ఇళ్ళలో మొదట మెట్లు కడతారు. పిట్టగోడ పంట చేతికి వచ్చాక కడతామంటారు. ఆ పంట ఒక ఏడు రాదు, రెండవ ఏడు అమ్మాయి పెళ్ళి వస్తుంది. ఈలోగా మెట్లు ఉన్నాయి గనుక ఇంట్లోవాళ్ళందరూ ఎక్కుతూనే ఉంటారు. నాయనమ్మ మిరపకాయలు ఆరబోయడానికి ఎక్కుతుంది, వెనకే రెండేళ్ళ మనవడు మెట్లు పాక్కుంటూ వస్తాడు. రాత్రి నిద్రమత్తులో లేచినవారికి చీకటిలో అంచు ఎక్కడో తెలియదు. అందుచేత మా సలహా ఒక్కటే: పిట్టగోడ ముందు, మెట్లు తరువాత. ఇటుకలు పైకి చేరవేయడానికి వెదురు పరంజా, నిచ్చెన చాలు. పని అయిపోగానే నిచ్చెన తీసివేస్తే పైకి ఎవరూ పోరు. డబ్బు చాలక పని మధ్యలో ఆగినా, పిట్టగోడ ఉండి మెట్లు లేని ఇల్లు ఎవరికీ హాని చేయదు. మెట్లు ఉండి పిట్టగోడ లేని ఇల్లు చేస్తుంది.

ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు ఉన్న ఇల్లు తీసుకుందాము. చుట్టుకొలత 90 అడుగులు. మూడు అడుగుల నాలుగు అంగుళాల ఎత్తున నాలుగున్నర అంగుళాల గోడ కట్టాలంటే 300 చదరపు అడుగుల గోడ అవుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుకలు విరిగినవాటితో కలిపి 1400 దాకా పడతాయి. ప్లాస్టరింగుతో కలిపితే ఆ గోడ బరువు ఏడు టన్నులకు పైగా ఉంటుంది. ఈ బరువు సరిగ్గా కింది గోడల మీదే కూర్చోవాలి.

ఇక్కడే ఒక ప్రమాదమున్నది. కొన్ని ఇళ్ళలో స్లాబు గోడలను దాటి రెండు మూడు అడుగులు బయటికి వచ్చి ఉంటుంది. జాగా కలిసి వస్తుందని పిట్టగోడను ఆ కొసన కట్టాలని అనిపిస్తుంది. గోడకు బయట వేలాడే స్లాబుకు ఊచలు పైభాగములో ఉండాలి, ఎందుకంటే కొసన బరువు పడితే అది పైభాగములోనే చీలుతుంది. వేసేటప్పుడు ఎవరో తొక్కడము వల్ల ఊచలు కిందికి దిగిపోయి ఉండవచ్చు. అది బయటికి కనబడదు. కొసన అడుగు పొడవుకు డెబ్బై, ఎనభై కిలోల గోడ ఎక్కిస్తే ఒక రోజు ఆ భాగమంతా విరిగి వాకిట్లోనే పడుతుంది. కాబట్టి పిట్టగోడను కింది గోడ వరుసలోకి లోపలికి జరపండి. బయటి కొసను వదలివేయండి. ఇంజినీరు చూసి ఫరవాలేదంటేనే కొసన, అదికూడా తేలికైన ఇనుప గ్రిల్లు పెట్టుకోండి.

నాలుగున్నర అంగుళాల గోడ ఒంటరిగా నిలబడితే తోస్తే పడిపోతుంది. ఎనిమిది పది అడుగులకొకటి తొమ్మిది అంగుళాల దిమ్మె ఉండాలి. పైన గోడ పొడవునా రెండు సన్నని ఊచలతో కాంక్రీటు బెల్టు వేస్తే అంతా ఒకటిగా పట్టుకుంటుంది. అందానికి రంధ్రాల ఇటుకలు పెట్టాలనుకుంటే, పిల్లవాడు కాలు పెట్టి ఎక్కడానికి వీలైనవి పెట్టకండి. అడ్డముగా ఉండే కడ్డీలు కూడా వాడికి నిచ్చెన అవుతాయి. నిలువు కడ్డీలు అయితే మధ్య సందు నాలుగు అంగుళాలకు తక్కువ ఉండాలి, చిన్నవాడి తల దూరకూడదు. పిట్టగోడ పక్కన మంచము, పాత డబ్బా, పూలకుండీ ఉంచవద్దు. దానిమీదికి ఎక్కితే మూడడుగుల గోడ అడుగున్నరే అవుతుంది.

మెట్లు

మెట్టు ఎత్తు ఏడు అంగుళాలు, కాలు పెట్టే వెడల్పు పది అంగుళాలు ఉంటే ముసలివారు కూడా ఎక్కగలరు. పది అడుగుల గది, దాని పైన స్లాబు మందము కలిపితే 18 మెట్లు వస్తాయి. ఒకే వరుసగా కడితే పొడవు 14 అడుగులు కావాలి. అంత జాగా లేనివారు తొమ్మిది మెట్లకు ఒక చదును పెట్టి వెనుకకు మలపవచ్చు. వెడల్పు మూడడుగులకు తగ్గకూడదు. జాగా తక్కువని మెట్లను నిటారుగా చేస్తే ఎక్కేటప్పుడు కష్టము, దిగేటప్పుడు ప్రమాదము. అన్ని మెట్లూ ఒకే ఎత్తున ఉండాలి. చివరి మెట్టు ఒక అంగుళము తేడా వచ్చినా చీకటిలో కాలు తప్పుతుంది.

మెట్లకు విడిగా పునాది వేయాలి. ఎప్పటినుండో స్థిరపడిన ఇంటికి కొత్త మెట్లను గట్టిగా అతికిస్తే, కొత్త పునాది కొంచెము దిగినప్పుడు పాత గోడ పగులుతుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది గనుక అక్కడ ఇది మరీ ముఖ్యము. పునాది లోతు ఇంటి పునాదితో సమానముగా తీసి, మెట్లకూ గోడకూ మధ్య అర అంగుళము సందు విడవండి. ఆ సందులో థర్మోకోల్ ముక్క పెట్టి పైన మూసివేయవచ్చు. కాంక్రీటు వేసిన తరువాత కనీసము పది రోజులు నీళ్ళు పెట్టండి. రెండు వారాలు కింద గుంజలు తీయవద్దు. మేస్త్రి వేరే పనికి గుంజలు కావాలని తొందరపెట్టినా మొహమాటపడకండి.

మెట్ల పక్కన చేతికర్ర తప్పనిసరి. మెట్ల మొదట ఒక చిన్న తలుపు, దానికి పెద్దవాళ్ళ చేతికందే ఎత్తున గడియ పెట్టండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ గడియ పిట్టగోడ అంత విలువైనది.

నీళ్ళు

పిట్టగోడ లేని కప్పు మీద పడిన వాన నాలుగు వైపులా జారిపోతుంది. చుట్టూ గోడ కట్టగానే ఆ కప్పు తొట్టి అవుతుంది. అందుచేత గోడ కట్టేరోజే నీళ్ళు పోయే దారి ఆలోచించాలి. ఎనిమిది అడుగులకు ఒక అంగుళము చొప్పున వాటము ఉంటే నీరు నిలవదు. గొట్టము ఒకటి చాలినా రెండు పెట్టండి. వేపాకులు, కొబ్బరి పీచు ఒకదానికి అడ్డుపడినా రెండవది పనిచేస్తుంది. తుఫాను రాత్రి రెండూ మూసుకుపోయి అయిదు వందల చదరపు అడుగుల మీద మూడు అంగుళాల నీరు నిలిచిందనుకోండి. అది మూడున్నర టన్నుల బరువు. వానకు ముందు డాబా ఊడ్చి గొట్టాల నోరు శుభ్రము చేయడము ఒక పిల్లవాడికి అప్పగించవలసిన పని కాదు, ఇంటి యజమాని తానే చూసుకోవాలి.

వాటము కోసమని పైన మందముగా కాంక్రీటు పోస్తే అదికూడా స్లాబుకు బరువే. ఎంత అవసరమో అంతే వేయించండి. తెల్ల సున్నము గానీ చలువ రంగు గానీ వేస్తే కింది గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వము 2023 లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది కూడా ఈ మేలు కోసమే.

కరెంటు తీగలు

పల్లెల్లో స్తంభము వేసిననాడు ఇల్లు పూరిల్లు. తరువాత స్లాబు వచ్చింది, ఇప్పుడు మెట్లు వస్తున్నాయి. తీగ మాత్రము అక్కడే ఉన్నది. మనిషి ఎక్కే కప్పుకు పైన మామూలు ఇంటి లైను అయితే రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగులకు పైగా ఎత్తున ఉండాలి. పదకొండు వేల వోల్టుల లైను అయితే 3.7 మీటర్లు, సుమారు 12 అడుగుల ఎత్తున ఉండాలి. పక్కనుండి పోయేదైతే రెండింటికీ 1.2 మీటర్లు, నాలుగు అడుగుల దూరము ఉండాలి. ఈ కొలతలు మీరు కర్రతో, టేపుతో తీయకండి. లైన్‌మన్‌ను పిలిచి చూపించండి. దూరము చాలకపోతే కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి లైను జరిపించిన తరువాతే మెట్లు మొదలుపెట్టండి.

డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళమీద నక్షత్రాలు కడతాము. పొడవాటి ఇనుప గొట్టానికి నక్షత్రము కట్టి డాబామీద నిలబెట్టేటప్పుడు తల పైకెత్తి చూడండి. ఎండిన వెదురు కర్ర వాడండి. తీగ దగ్గరగా ఉన్న వైపు అసలు పెట్టవద్దు. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే పిల్లలకూ, ఇనుప తీగమీద తడిబట్టలు ఆరవేసే తల్లులకూ ఇదే హెచ్చరిక.

పొరుగువారు

మన డాబా ఎత్తుకు ఎక్కితే పక్కవారి పెరడు మన కంటికి కనబడుతుంది. వారి ఆడపిల్లలు అక్కడ అంట్లు తోముకుంటారు, స్నానాల గది పైకప్పు లేకుండా ఉండవచ్చు. దావీదు పడిపోయిన కథ మిద్దెమీద సాయంకాలపు నడకతోనే మొదలైనది (2 సమూయేలు 11). కాబట్టి కట్టకముందే ఒక సాయంత్రము వారి ఇంటికి వెళ్ళి మాట్లాడండి. "అన్నయ్యా, మెట్లు వేసుకుందామనుకుంటున్నాము, మీ పెరటి వైపు గోడ తలెత్తు లేపుతాము, మా వాన నీళ్ళు మీ గోడ మీదికి రానివ్వము" అని ముందే చెబితే జగడము పుట్టదు. ఆ ఒక్క వైపు గోడ ఎత్తు పెంచితే దిమ్మెలు దగ్గర దగ్గరగా వేయాలి. పంచాయతీ అనుమతి కూడా ముందే తీసుకోండి.

అప్పు చేసి కట్టాలా?

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొంటాడని మన ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28) ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చొని ఒక కాగితము మీద వరుసగా రాయండి: ఇంజినీరు, పాత స్లాబు మరమ్మతు, పిట్టగోడ, నీళ్ళ వాటము, గొట్టాలు, లైను జరపడము, చివరకు మెట్లు. ఈ వరుసను మార్చవద్దు. చేతిలో ఉన్న డబ్బు ఎంతవరకు వస్తే అంతవరకు చేసి ఆపండి. ప్రతి మెట్టు దగ్గరా ఆగినా ఇల్లు క్షేమముగానే ఉంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి డాబామీద చల్లగాలి కొనుక్కుంటే, ఆ గాలిలో నిద్ర పట్టదు.

స్లాబు బాగోలేదని ఇంజినీరు చెబితే చిన్నబుచ్చుకోవద్దు. వాకిట్లో అడుగున్నర ఎత్తున అరుగు కట్టి, పైన నాలుగు గుంజలతో పందిరి వేసుకుంటే రాత్రి పడకకు, పగలు మిరపకాయలకు, సాయంకాలము ప్రార్థనకు చాలును. నాయనమ్మ మెట్లు ఎక్కనక్కరలేదు. పైన రేకుల షెడ్డు వేద్దామనే ఆలోచన వస్తే గాలిని గుర్తుపెట్టుకోండి. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము మీదికి వచ్చిన నాడు సరిగా బిగించని రేకులు ఏమైనవో ఆ ప్రాంతపు వారికి తెలుసు.

డాబా ప్రాణము నిలిపిన రోజులు

ఇన్ని జాగ్రత్తలు చెప్పినందున డాబా వద్దనడము మా ఉద్దేశము కాదు. 1977 నవంబరు 19 న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు పూరిళ్ళు కొట్టుకుపోయాయి, వేలమంది చనిపోయారు. గట్టి కట్టడముమీదికి చేరగలిగినవారికి బ్రతికే ఆశ దొరికింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు ఎన్నో కుటుంబాలు పై అంతస్తులలోను, డాబాలమీదను గడిపి సహాయము కోసము ఎదురుచూశాయి. ఏటి ఒడ్డున, సముద్రపు దగ్గర, చెరువు కట్ట కింద ఉన్న మన కుటుంబాలకు పైకి ఒక దారి ఉండటము విలాసము కాదు. ఆ రాత్రి మీ ఇంటివారే కాదు, పక్క గుడిసెవారు కూడా మీ మెట్లు ఎక్కుతారు. వాన కురుస్తుండగా, చీకటిలో, పిల్లలను ఎత్తుకొని, ముసలివారిని నడిపించుకొని ఎక్కుతారు. అప్పుడు స్లాబు మోయాలి, చేతికర్ర ఆదుకోవాలి, అంచున గోడ నిలబడి ఉండాలి.

కాబట్టి ప్రియులారా, ఈ వేసవిలో మేస్త్రికి బయానా ఇచ్చేముందు ఒక సాయంకాలము కుటుంబమంతా కూర్చొని ఈ పేజీ చదువుకోండి. స్లాబు తట్టి చూడండి, తీగలు చూడండి, పొరుగువారితో మాట్లాడండి. ఇటుకలు మొదట అంచుకు పంపండి, మెట్లకు తరువాత. ఇప్పటికే మెట్లు ఉండి పిట్టగోడ లేని ఇళ్ళు మన సంఘములో ఉంటే, వారిని నిందించకుండా ఆ ఇంటికి వెళ్ళి కనీసము మెట్ల మొదట ఒక తలుపు, గడియ ఈ వారములోనే పెట్టించండి. యువకులు ఒక శనివారము పనిచేస్తే అయిపోయే పని అది. గోడ పూర్తయ్యేవరకు ఆ గడియ ఒక బిడ్డను కాపాడవచ్చు.

మీ ఇంటిమీద మీరు పరచుకొనే చాప, మీ పిల్లల నిద్ర క్షేమముగా ఉండునట్లు ప్రభువు మీకు తోడైయుండును గాక.